పసుపు కంకులూ లవోనియా తుమ్ములూ

ఆ ఆదివారం లవోనియా ప్రూయిట్ పదకొండు సార్లు తుమ్మింది. చర్చిలో వెనక వరసవాళ్ళు వేళ్ళు మడిచి మరీ లెక్కపెట్టారు కాబట్టి ఇందులో తేడా ఉండదు. మొదటి మూడు తుమ్ములకీ పాస్టరు హోబ్స్ గారు ప్రసంగం ఆపి "దేవుడు దీవించు గాక" అన్నాడు. నాలుగోదానికి ఊరుకున్నాడు. ఏడోది సరిగ్గా యోనా చేప కడుపులోంచి బయటపడే చోట వచ్చింది. ఆ దెబ్బకి ముందు వరసలో కునుకు తీస్తున్న ముసలాయన ఒకడు ఉలిక్కిపడి లేచి "ఆమెన్!" అని కేక పెట్టాడు.

లవోనియా ఆ చర్చిలో అషర్లకి పెద్ద. తెల్ల గౌను, తెల్ల తొడుగులు, తెల్ల బూట్లు వేసుకుని పక్క తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకి చోటు చూపించడం, ఉక్కపోస్తే విసనకర్రలు పంచడం, పసిపిల్లలు ఏడిస్తే తల్లులకి కంటితోనే బయటి దారి చూపించడం నలభై ఏళ్ళుగా ఆమె పని. డెబ్బై నాలుగేళ్ళు వచ్చినా రెండు గంటల సేపు గోడకి ఆనకుండా నిలబడుతుంది. అలాంటి మనిషి ఆ రోజు విసనకర్రల కట్టని నేలపాలు చేసి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని గబగబా బయటికి నడిచిపోయింది.

మధ్య వరసలో కూర్చున్న ఆర్నెటా గెయిన్స్ తల దించుకుంది. ఈ తుమ్ములు తిరిగి తిరిగి వచ్చి తన నెత్తినే పడతాయని ఆమెకి తెలుసు.

అనుకున్నట్టే ప్రార్థన అయ్యాక మెట్ల మీద దొరకబుచ్చుకుంది లవోనియా. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"చూశావుగా నా బతుకు!"

"చూశాను వదినా. మందు వేసుకున్నావా?"

"మందెందుకే నాకు? రోగం నాలో ఉంటేగా! అదిగో, అక్కడుంది!" అని తెల్ల తొడుగు వేలు చర్చి పక్క జాగా వైపు చాచింది.

జాగా అంతా పచ్చగా మెరుస్తోంది. నడుమెత్తున పసుపు కంకులు, గోల్డెన్‌రాడ్ అంటారు, గాలికి ఒక్కసారిగా అటు వాలి ఒక్కసారిగా ఇటు వాలుతున్నాయి. వాటి మధ్య ఆరడుగుల గడ్డి ఎర్రబారుతోంది.

"ఆ పచ్చదనమంతా కొట్టించెయ్. లేకపోతే బుధవారం సంఘం సమావేశంలో పెడతాను. పెట్టి ఊరుకోను, కోత యంత్రం నేనే తెప్పిస్తాను."

"ఆ పువ్వు పుప్పొడి జిగురు వదినా. గాలికి లేవదు. తేనెటీగ కాళ్ళకి అంటుకుంటేనే కదులుతుంది. నీ ముక్కులోకి ఎలా వస్తుందీ?"

"ఏమో, ఆ ఈగలే మోసుకొస్తున్నాయేమో!"

"నీ ముక్కులోకా? వాటికంత ధైర్యం ఎక్కడిదీ!"

మెట్ల మీద ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. లవోనియా నవ్వలేదు. తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసి, సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అప్పటికి గాని ఆర్నెటాకి తన నోటి దురుసు తెలిసి రాలేదు. నలుగురిలో అనాల్సిన మాట కాదది.

లవోనియా ఆర్నెటా భర్త హోసియాకి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు. హోసియా ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా అతను గుమ్మంలా నిలబడి, అటు మాట ఇటూ ఇటు మాట అటూ వడగట్టి పంపేవాడు. అతను పోయి అయిదేళ్ళు. ఇప్పుడు ఏ మాటైనా తిన్నగా వచ్చి తగలాల్సిందే.

ఆర్నెటా షికాగో దక్షిణ భాగంలో ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపింది. రిటైరైన ఏడాది చర్చి పెద్దవాళ్ళందరినీ నగరం బయట ఎక్కడో మిగిలిపోయిన పాత ప్రెయిరీ, అంటే తనంత తాను పెరిగిన గడ్డీ పూల మైదానం, ఒకటి చూపిస్తామని తీసుకెళ్ళారు. మిగతావాళ్ళు బల్లల దగ్గర కోడి వేపుడు విప్పుకుని కూర్చుంటే ఆర్నెటా ఒక్కతే గడ్డిలోకి నడిచింది. నాలుగడుగులు వేసేసరికి ఒక చప్పుడు వినిపించింది. తెల్లవారుజామున డిపోలో బస్సు ఇంజను వేడెక్కడం కోసం అలా వదిలేసినప్పుడు కాళ్ళ కింద నుంచి వచ్చే మోతలాంటిది. చుట్టూ చూస్తే ఇంజనూ లేదు, బస్సూ లేదు. పువ్వు పువ్వునా తుమ్మెదలు. ఆమెని పిలవడానికి ఎవరో మూడుసార్లు కేకేయాల్సి వచ్చింది.

చర్చి పక్క జాగాలో ఒకప్పుడు సామాన్ల కొట్టు ఉండేది. అది కాలిపోయాక ఇరవై ఏళ్ళు ఇటుక ముక్కలూ, పాత టైర్లూ తప్ప ఏమీ లేవు. చివరికి ఆ అరెకరం చర్చి చేతికి వచ్చినప్పుడు అందరూ కార్లు పెట్టుకుందామన్నారు. ఆర్నెటా ఒక్కతే లేచి, "ఇక్కడ ప్రెయిరీ పెంచుతాను, నాకు మూడేళ్ళివ్వండి. నాలుగో ఏడు మీకు నచ్చకపోతే తారు నేనే దగ్గరుండి పోయిస్తాను" అంది. బస్సులో అల్లరి మూకని దింపేసిన గొంతు అది. ఎవరూ కాదనలేకపోయారు.

మొదటి ఏడు కలుపే కలుపు. రెండో ఏడు మూరెడు ఎదిగి ఆగింది. పార్కుల శాఖ నుంచి విత్తనాలు ఇప్పించిన జొసెలిన్ అనే అమ్మాయి, "ఈ మొక్కలు ముందు కిందికి పెరుగుతాయి ఆంటీ, పైకి తర్వాత" అని ధైర్యం చెబుతూ వచ్చింది. మూడో ఏడు, అంటే ఈ ఏడు, వేసవి మొదట్లో జిల్లేడు జాతి మొక్కలు గులాబీ రంగు గుత్తులు వేశాయి. వాటి వెనక ఊదా పూలు. వాటి వెనక ఇదిగో ఈ పసుపు. అందరూ ఫోటోలు దిగారు. పాస్టరు గారు ప్రసంగంలో రెండుసార్లు వాడుకున్నారు. అంతా బాగుందనుకుంటే ఈ తుమ్ములు.

సోమవారం పొద్దున్నే కాఫీ పట్టుకుని జాగాకి వచ్చింది ఆర్నెటా. ఇంకా చల్లగా ఉంది. కంకుల మీద తుమ్మెదలు మంచు తడికి రెక్కలు ముడుచుకుని నిద్రపోతున్నాయి. ఎండ తగిలిన కంకి మీదిది ముందు ఒక కాలు కదిపి, కాసేపాగి ఇంకో కాలు కదిపి, బద్ధకంగా లేస్తోంది. వీటిని కోత యంత్రం కింద ఊహించుకోలేకపోయింది. జొసెలిన్‌కి ఫోన్ చేసింది.

"ఆంటీ, తప్పు పసుపు పువ్వుది కాదు. అది మెరుస్తుంది కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే పడతాయి. సరిగ్గా ఇదే నెలలో రాగ్‌వీడ్ కూడా పూస్తుంది. దాని పువ్వు ఆకు రంగులోనే ఉంటుంది, ఎవరూ చూడరు. పుప్పొడి మాత్రం పొగలా లేస్తుంది. మొదటి ఏడు మనం కోసేశామే, అదే. ఆవిడ నిలబడే చోటికి దగ్గర్లో ఎక్కడో ఉండి ఉంటుంది, వెతకండి."

రాగ్‌వీడ్ అంటే మన వయ్యారిభామకి దగ్గర చుట్టమే. అదే చీలికల ఆకు, అదే దొంగబుద్ధి. మట్టి తిరగబడి ఉన్న చోటల్లా ముందు తనే చేరుతుంది.

ఆర్నెటా వెతకడం మొదలెట్టింది. వెనక సందు చూసింది. బార్బరు షాపు వెనక చూసింది. రెండు వీధుల అవతల ఉన్న లవోనియా గారేజి వెనక కూడా, నిజం చెప్పాలంటే కొంచెం ఆశగానే, తొంగి చూసింది. అక్కడ గడ్డిపరక కూడా లేదు, ఊడ్చిన సిమెంటు తప్ప. కాళ్ళు నొప్పులు పుట్టి మధ్యాహ్నానికి మళ్ళీ చర్చి దగ్గరికే వచ్చింది. పక్క తలుపు మెట్టు మీద చతికిలబడి, బూటులో దూరిన రాయి తీసి పారేయబోతూ తలెత్తింది.

చెత్త డబ్బాల వెనక, గోడ వారన, పది గజాల పొడవున, భుజాలెత్తున నిలబడి ఉంది రాగ్‌వీడ్. జూన్‌లో మురుగు గొట్టం బాగు చెయ్యడానికి వచ్చినవాళ్ళు అక్కడ తవ్వి, మట్టి ఎలా పడితే అలా కప్పేసి పోయారు. ఆ ముక్క ఆర్నెటా జాగాలోదే. అటు వైపు డబ్బాలున్నాయని వేసవంతా ఆమే వెళ్ళలేదు. కొమ్మ చివర వేలితో మీటింది. లేతపసుపు ధూళి గుప్పున లేచి, తెరిచి ఉన్న పక్క తలుపులోంచి లోపలికి, లవోనియా నిలబడే చోటికి, తిన్నగా వెళ్ళింది.

"ఓరి దేవుడా" అంది ఆర్నెటా.

పీకేస్తే పావుగంట పని. చుట్టూ ఎవరూ లేరు. పీకేసి, సంచుల్లో కుక్కి, డబ్బాలో పడేసి, బుధవారం సంఘంలో దర్జాగా నిలబడొచ్చు. వచ్చే ఆదివారం తుమ్ములు తగ్గుతాయి, పసుపు కంకులు అలాగే ఉంటాయి, లవోనియా మాట పోతుంది. ఆర్నెటా ఒక మొక్కని మొదలంటా పట్టుకుంది. పట్టుకుని అలాగే ఉండిపోయింది. నిన్న మెట్ల మీద తొడుగులు ఒక్కొక్క వేలే లాగుతున్న లవోనియా మొహం కళ్ళముందు మెదిలింది. ఒక్క కొమ్మ మాత్రం విరిచి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ముడేసింది.

మర్నాడు పన్నెండింటికి లవోనియా తలుపు తట్టింది. లోపల నూనె చిటపటలాడుతోంది. లవోనియా వాలుగ చేప ముక్కల్ని మొక్కజొన్న పిండిలో పొర్లిస్తూ, తిరిగి చూడకుండానే అంది.

"క్షమాపణకి వచ్చావా, భోజనానికి వచ్చావా?"

"రెండిటికీ."

"క్షమాపణ ముందు. చేప వేగడానికి ఇంకా టైముంది."

"నలుగురిలో అలా అనకుండా ఉండాల్సింది వదినా. తప్పయింది."

"అయింది. ఇంకా?"

"ఇంకా..." ఆర్నెటా సంచి బల్ల మీద పెట్టింది. "నిన్ను తుమ్మిస్తున్నది ఇది. ముడి విప్పకు. ఆ పసుపు పువ్వు కాదు. కానీ ఇది పెరుగుతున్నది నా జాగాలోనే, నీ తలుపుకి ఎదురుగా. వేసవంతా నేను చూసుకోలేదు."

లవోనియా పిండి చేతులతోనే వచ్చి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని సంచి పైనుంచే చూసింది.

"అంటే నేనన్నది నిజమే."

"సగం నిజం."

"జాగా నీదేనా?"

"నాదే."

"తుమ్ములు నావేనా?"

"నీవే వదినా."

"మరి సగం ఎక్కడిదే, మొత్తం నిజమైతే!" అంది లవోనియా. ఆ మొహంలో రెండు రోజుల తర్వాత వెలుగు కనిపించింది. చేప ముక్కలు నూనెలో వేసి, మంట తగ్గించి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీకొకటి చెప్పనా? నాకు ఆ జాగా మొదటి నుంచీ పడదు. మిసిసిపీలో మా అమ్మ వాకిట్లో గడ్డిపరక మొలవనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే పుల్లల చీపురుతో నేల తళతళలాడేట్టు ఊడ్చేది. వాకిట్లో గడ్డి ఉంటే పాముంటుందనీ, ఆ ఇంట్లో ఆడది సోమరిదనీ అర్థం. హోసియా చిన్నప్పుడు ఆ చీపురు గీతల మీద నడిచి ఎన్ని దెబ్బలు తిన్నాడో! మరి నువ్వేమో దేవుడి ఇంటి పక్కనే తలెత్తు గడ్డి పెంచితివి. వచ్చేపోయేవాళ్ళు మనల్ని ఏమనుకుంటారోనని నాకు బెంగ."

ఈ మాట ఆమె నోట ఆర్నెటా ఎన్నడూ వినలేదు. మూడేళ్ళూ వంకలే విన్నది. దోమలన్నది, ఎలుకలన్నది, చెత్త చేరుతుందన్నది. అసలు సంగతి ఇదన్నమాట.

"ఎప్పుడైనా లోపలికి వచ్చి చూశావా వదినా?"

"ఎందుకొస్తానూ?"

"రేపు పొద్దున రా. ఆ దొంగ మొక్కలు పీకుతాను. నువ్వు దూరంగా కూర్చుని చూద్దువుగాని."

"నేను చూడకపోతే నువ్వు సగం వేళ్ళు వదిలేస్తావు. వస్తాను" అంది లవోనియా. "లే, పళ్ళాలు తీయి."

బుధవారం ఏడింటికల్లా వచ్చింది. ఆదివారం టోపీ, కరోనా రోజుల నాటి ముక్కుగుడ్డ, మడత కుర్చీ, ఫ్లాస్కు. గాలికి ఎగువన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆర్నెటా మంచు తడి ఆరకముందే పీకడం మొదలెట్టింది. తడిలో ఐతే ధూళి లేవదు.

"అదిగో, ఎడమ పక్క. కాదే, నీ ఎడమ!"

"ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఎడమేదో నాకు తెలుసు."

"నీ బస్సెక్కాను కాబట్టే చెబుతున్నా."

పదకొండు సంచులు నిండాయి. ఆర్నెటా నడుం పట్టుకుని లేచి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. లవోనియా పసుపు కంకుల మధ్య దారిలో నిలబడి, వంగి దేన్నో పరీక్షగా చూస్తోంది.

"ఇది చచ్చిపోయిందా?"

"నిద్రపోతోంది. మగది. ఈ రోజుల్లో వాటిని గూట్లోకి రానివ్వరు. రాత్రంతా పువ్వు మీదే పడుంటాయి."

"బయట పడి నిద్రపోవడమా! మా ఆయన పోయాడనుకున్నాను, ఇక్కడున్నాడన్నమాట." లవోనియా ఇంకాస్త వంగింది. "మరి ఆడవి?"

"ఈ ఏడు పుట్టిన రాణులు ఇక్కడే కడుపునిండా తిని, మట్టిలో దూరి, చలికాలమంతా ఒంటరిగా పడుకుంటాయి. మిగతావన్నీ పోతాయి. వసంతంలో ఒక్కో రాణీ ఒక్కతే లేచి మళ్ళీ ఇల్లు కట్టుకోవాలి. పూలన్నీ అయిపోయాక దొరికే ఆఖరి తిండి ఈ పసుపే. ఇది కొట్టేస్తే అవి ఖాళీ కడుపుతో పడుకుంటాయి."

ఆయన పోయినప్పటి నుంచి, పదిహేడేళ్ళుగా, ఇంట్లో లవోనియా ఒక్కతే. ఆమె ముక్కుగుడ్డ కిందికి లాగింది.

"వదినా, వద్దు, తొందరపడకు..."

"నువ్వుండు." ఆమె కంకిని రెండు వేళ్ళతో పట్టుకుని, తుమ్మెద లేవకుండా మెల్లగా దగ్గరికి వంచి, ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. ఒకటి, రెండు, మూడు. ఆర్నెటా పది దాకా లెక్కపెట్టింది.

"తేనె వాసన," అంది లవోనియా. ముక్కు చివర పసుపు అంటుకుంది. తుమ్ము లేదు.

ఆ సాయంత్రం సంఘంలో లవోనియా పేరు పిలిచారు. లేచి నిలబడి గొంతు సవరించుకుంది.

"సహోదరీ సహోదరులారా! నేను తుమ్మడం మీరంతా చూశారు. చూసి నవ్వారు కూడా, ఎవరెవరో నాకు తెలుసు. మన పక్క జాగాలో ఒక దొంగ ఉన్నాడని నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఈ పొద్దున నా ఎదుట వాణ్ణి వేళ్ళతో సహా పీకించాను. ఇక ఆ పసుపు పువ్వు జోలికి ఎవరైనా వెళితే నాతో మాట్లాడాలి."

పాస్టరు గారు ఆర్నెటా వైపు చూశాడు. ఆర్నెటా ఎటూ చూడకుండా చప్పట్లు కొట్టింది. వదిన అంత కష్టపడి సంపాదించుకున్న గెలుపుని లాక్కోవాలని ఆమెకి అనిపించలేదు. పైగా తారు మాట ఆ రోజు తర్వాత ఎవరి నోటా రాలేదు.

తర్వాతి ఆదివారం మూడే తుమ్ములు. ఈ పుప్పొడి కోసుల దూరం నుంచి కూడా కొట్టుకొస్తుంది, ఒక్క చర్చి దగ్గర పీకితే ఊరంతా పోదని జొసెలిన్ ముందే చెప్పింది. ఆ మూడూ సున్నాతో సమానమని లవోనియా తేల్చేసింది.

గోడ వారన పీకిన చోట బోసిగా ఉండిపోయింది. వదిలేస్తే మళ్ళీ అదే మొక్క వస్తుంది. ఆ ముక్క తమకి కావాలంది లవోనియా. అషర్లు ఆరుగురూ ఒప్పుకున్నారు. ఊదా ఆస్టర్ పూలు కావాలట, అదీ వరసగా, ఎడం ఎడంగా.

"ప్రెయిరీ వరసలో నిలబడదు వదినా."

"నేను నిలబెట్టని వరస ఈ చర్చిలో ఏదైనా ఉందా?"

నవంబరులో ఒక శనివారం, ఆకాశం బూడిద రంగులో ఉండి మంచు రేపో మాపో అన్నట్టున్నప్పుడు, విత్తనాలు చల్లారు. ఆర్నెటా వాటిని బకెట్‌లో తడి ఇసకతో కలిపి తెచ్చింది. అషర్లు తలా ఒక గిన్నెడు తీసుకుని చల్లారు. లోపలికి పాతాల్సిన పని లేదు, కాలితో తొక్కితే చాలు, చలికాలం తడిసి గడ్డకట్టి వసంతంలో వాటంతట అవే మొలుస్తాయని ఆర్నెటా చెప్పింది.

"తొక్కడమేగా? అది మాకొదిలెయ్" అంది లవోనియా. ఆరుగురినీ భుజం భుజం కలిపి నిలబెట్టింది. తను చివర నిలబడి, చెయ్యి పైకెత్తి దించింది. కుడి కాలు, ఎడమ కాలు. ఎవరో పాట అందుకున్నారు. పాస్టరు గారు తలుపు తీసి, సూప్ వేడిగా ఉందని చెప్పబోయి, గడప మీదే ఆగిపోయాడు.

"ఆర్నెటా! ఏం చూస్తున్నావ్ అలా? ఇటు చివర ఖాళీ ఉంది, రా."

ఆర్నెటా బకెట్ కింద పెట్టి వెళ్ళి నిలబడింది. చలికి ముక్కు ఎర్రబడింది, మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఐనా మనసు నిండుగా ఉంది. బూటు కింద మట్టి మెత్తగా దిగింది.

"అడుగు తప్పుతున్నావు" అంది లవోనియా.

"తప్పనీ," అంది ఆర్నెటా. "విత్తనాలకి తెలీదులే."